దారికి ముందు ఒక్క నిమిషం

మాస్కో, నవంబర్ 1962

ప్రియమైన గ్లేబ్, నా మంచు ఎలుగుబంటీ,

బతికే ఉన్నావా? ఆ ధ్రువం దగ్గర గాలిని కొలవడానికి తీరిక ఉంటుంది గానీ, పెళ్లానికి నాలుగు ముక్కలు రాయడానికి ఉండదు!

మా స్టూడియోలో కొత్త బొమ్మల సినిమా మొదలైంది. తండ్రిని వెతుక్కుంటూ మంచులోకి వెళ్లిపోయే చిన్నపిల్ల కథ. మైనంతో బొమ్మ మొహం చేసే పని నా మీద పడింది. చేతులు వాటంతట అవే చేశాయి గ్లేబ్. తీరా చూస్తే మన పాప తాయా! పోయిన చలికాలం ఆసుపత్రిలో కళ్లు మూసిన తాయా కాదు, జ్వరం రాకముందు తాయా. దర్శకుడు వెనియమిన్ "అబ్బ, ప్రాణం ఉట్టిపడుతోంది" అన్నాడు.

మా పని నీకు తెలుసుగా. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్లీ కదిపి ఇంకో ఫోటో. నేను కదపనిదే అది కదలదు. నిన్న తీసినంతవరకు తెర మీద వేసుకుని చూస్తే, మధ్యలో తల తిప్పి నా వైపు చూసింది. నేను తిప్పలేదు! కెమెరామన్ "నిద్ర చాలక మీరే తిప్పి మరిచిపోయుంటారు, రిమ్మా పెత్రోవ్నా" అని నవ్వేశాడు.

ఆఖరి షాట్‌లో అది తలుపు తీసుకుని వెళ్లిపోవాలి. ఏదో ఒక వంకతో వాయిదా వేస్తున్నాను. వేసవి ఓడకైనా వచ్చెయ్ గ్లేబ్. ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేను.

నీ రిమ్మా


వాతావరణ కేంద్రం, జనవరి

నా రిమ్మోచ్కా,

బొమ్మలు తలలు తిప్పడమేమిటే? టీలో ఏం కలుపుకుంటున్నావు? నాతో ఉండే రేడియో మనిషి యెగోర్‌కి చదివి వినిపిస్తే, "నాకూ అలాంటిదొకటి పంపమను, వంటైనా చేసిపెడుతుంది" అన్నాడు.

సరే, నవ్వులాట చాలు. నేనెందుకు రావడం లేదో నీకు తెలుసు. తాయాను ఆఖరిసారి చూడనైనా లేదు. అది లేని ఇంటి తలుపు తట్టడానికి నాకు కాళ్లు రావు. ఆంబులెన్సు హడావిడిలో ఆ రోజు ఎవరూ కూర్చోలేదని నువ్వే రాశావు. మన ఆచారం ప్రకారం ఊరెళ్లే పరాయివాళ్ల కోసం కూడా దారికి ముందు ఒక్క నిమిషం అందరం మాట్లాడకుండా కూర్చుంటాం. మన పిల్లకి అదీ దక్కలేదు.

ఆ ఆఖరి షాట్‌కు ముందు అందరూ కూర్చోండి. దాన్ని పద్ధతిగా సాగనంపు. ఆ తర్వాత నేను ఓడెక్కుతాను. ఒట్టు.

నీ గ్లేబ్


మాస్కో, మార్చి

గ్లేబ్, నా ప్రాణమా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆఖరి షాట్‌కు ముందు అందరినీ కూర్చోమన్నాను. "బొమ్మ కోసమా? మతి పోయిందా?" అని వెనియమిన్ గొణిగాడు, అయినా కూర్చున్నాడు. తాయాను చిన్న పెట్టె మీద కూర్చోబెట్టాను. ఎవరూ దగ్గనైనా లేదు. "ఇక వెళ్లిరా అమ్మా, దేవుడు తోడు" అన్నాను.

కథ ప్రకారం గుమ్మంలో ఆగి వెనక్కి చూడాలి. ఫోటో ఫోటోకూ నేనే తల తిప్పాను, అందరూ చూశారు. తెర మీద మాత్రం తిరగలేదు గ్లేబ్. నేరుగా వెళ్లిపోయింది. కెమెరామన్ ఈసారి నవ్వలేదు.

మర్నాడు బీరువా తీస్తే బొమ్మ లేదు. దొంగలెత్తుకుపోయారని వెనియమిన్ ఒకటే కేకలు. నాకు ఏడుపు రాలేదు. చాలా రోజులకు కడుపునిండా తిన్నాను. నీ పరుపు దులిపి ఎండలో వేశాను. ఏ ఓడకు వస్తావో రాయి, రేవుకు వస్తాను.

నీ రిమ్మా


వాతావరణ కేంద్రం, ఆగస్టు

రిమ్మోచ్కా,

కోప్పడకు. వసంతంలో ఒక రోజు తలుపు చప్పుడైంది. యెగోర్ గాలి అన్నాడు. గాలిని కొలిచేది నేను, ఆ రోజు గాలి లేదు. తలుపు తీశాను. మంచులో అడుగులు, నా బొటనవేలంతవి, గుమ్మం దాకా వచ్చాయి. కిందికి చూశాను. ఎంత దూరం నడిచిందో ఏమో, బూట్లు అరిగిపోయాయి. నన్ను చూడగానే చేతులు చాచింది. నన్ను మరిచిపోలేదే, రిమ్మా!

పొయ్యి దగ్గర కూర్చోబెట్టానో లేదో, బుగ్గ జారింది. మైనం కదా. గబగబా పొయ్యి ఆర్పేశాను. మళ్లీ వెలిగించలేదు. యెగోర్ నన్ను నానా తిట్లు తిట్టి, మంచం రేడియో గదిలోకి ఈడ్చుకుపోయాడు. నాకు చలి అలవాటైంది. వేళ్లు సరిగా వంగడం లేదు, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ఓడ వచ్చి వెళ్లిపోయింది. మాస్కోలో ఇప్పుడు ఎండలు. దాన్ని అక్కడికి ఎలా తేను, నువ్వే చెప్పు? నాన్న దగ్గరే ఉంది, బెంగ పెట్టుకోకు.

ప్రేమతో,
గ్లేబ్, తాయా