ఆయన పేరున్న వరుస

1938 ఫిబ్రవరి 7, సోమవారం

ఆయన కర్నూలు పోయారు. కంటి ఆపరేషన్. మరిది వెంట పోయాడు, నన్ను రావద్దన్నారు. "నువ్వూ వస్తే ఆ పని ఎవరు చేస్తారు టీచరమ్మా?"

పని అంటే వ్యాసం. కాలిలోంచి దారంలా పురుగు బయటికొచ్చే నారికురుపు మీద, ఈ కోయిలకుంట్ల ఆసుపత్రిలో కూచుని ఏళ్ళ తరబడి రాసింది. మద్రాసు పత్రికవాళ్ళు వేసుకుంటామన్నారు. కానీ చివర ఇచ్చిన రెఫరెన్సులు తమ పద్ధతిలో లేవట, సరిచేసి నెలాఖరులోగా పంపాలట. బస్సెక్కుతూ కూడా అదే ధ్యాస... "కామాలు చూసుకో." కన్ను కోయించుకోబోయే మనిషి ఆడే మాటేనా ఇది!

ఫిబ్రవరి 8

బడి వదిలాక చీటీలు ముందేసుకుని కూచున్నా. ఆయన చదివిన ఒక్కో పుస్తకానికి ఒక చీటీ. ఆ రాత నాకు తప్ప దేవుడికే తెలియాలి. ఒక చీటీ మీద "కలకత్తా దొర రాసింది, ఎర్ర అట్ట" అని ఉంది. ఎర్ర అట్ట అని అచ్చు వేస్తారా? నవ్వొచ్చింది. చెప్పుకుని నవ్వడానికి మనిషి ఇంట్లో లేడు.

ఫిబ్రవరి 9

పద్ధతి పట్టుబడింది. రాసినాయన పేరు, ఏడాది, వ్యాసం పేరు, పొట్టి చేసిన పత్రిక పేరు, సంపుటం, పేజీ. అన్నీ అక్షరాల క్రమంలో. దొరలకైతే ఇంటిపేరు పూర్తిగా, సొంత పేరు ఒక్క అక్షరం. మనవాళ్ళకు తలకిందులు — ఇంటిపేరు ఒక్క అక్షరం, సొంత పేరు పూర్తిగా.

ఫిబ్రవరి 10

ఈరోజే ఆపరేషన్. బడిలో పిల్లలు ఏం చదివారో, నేనేం విన్నానో. అత్తమ్మ ముద్ద ముట్టలేదు. నేనూ అంతే.

ఫిబ్రవరి 11, శుక్రవారం

టెలిగ్రాం. బాగా జరిగిందట. ప్రభువుకు స్తోత్రం. ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి ఏడ్చా.

సాయంత్రం ఖాదర్ సాహెబ్ టైపు మిషను మోసుకుని మా అరుగు మీదికొచ్చాడు. రోజూ తాలూకా కచేరీ ముందర అర్జీలు కొట్టే మనిషి. ఆయన రాత అతనికి అర్థం కాదు, అందుకని నేను చదవడం, అతను కొట్టడం. సగం దాటాక ఆయన సొంత చీటీ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో వేసిన చిన్న వ్యాసం. దిగుడుబావిలో చేపపిల్లల్ని వదిలితే, నారికురుపును మోసుకొచ్చే నీటి పురుగుల్ని అవి తినేస్తాయని. ఆ మాట అందరికంటే ముందు అన్నది ఆయనే.

చీటీలో మొదటి మాటే ఆయన పేరు. పెళ్ళిలో పాస్టరయ్యగారు పలికిస్తే ప్రమాణంలో ఒక్కసారి ఆ పేరు అన్నా. ఆ తర్వాత ఎన్నడూ లేదు. మొగుని పేరు పలికితే ఆయుస్సు తరుగుతాదని అత్తమ్మ మొదటి రోజే చెప్పింది. నమ్ముతానా అంటే నమ్మను. కానీ నిన్ననే కన్ను కోశారు...

"ఇది... డాక్టరుగారిది" అన్నా.

ఖాదర్ సాహెబ్ తలెత్తలేదు. "తెలుసులేమ్మా, మా ఇంట్లో గూడా అంతే. పక్కన పెట్టండి, ఆఖర్న నేనే కూడబలుక్కోని కొడతా."

మర్యాద తెలిసిన మనిషి.

ఫిబ్రవరి 12

రిజిస్టరు పోస్టు చేశా. గట్టెక్కినట్టుంది.

ఫిబ్రవరి 26, శనివారం

వచ్చారు! కళ్ళకు ఆకుపచ్చ గుడ్డ. అద్దాలు వచ్చేదాకా చదవకూడదు, రాయకూడదు. నా చెయ్యి పట్టుకుని గడప దాటారు. "శానా చిక్కినావే." కళ్ళు కనపడకుండా ఎట్లా తెలిసింది? "గాజులు మోచేతికి పోతాండాయి గదా." అత్తమ్మ వినిందేమో. సిగ్గేసింది.

మార్చి 3, గురువారం

మద్రాసు ఉత్తరం. నేనే చదివి వినిపిస్తున్నా. మధ్యలో ఇట్లా ఉంది —

మీ పాత వ్యాసం ప్రస్తావన లోపల ఉంది, చివరి జాబితాలో లేదు. ఆధారం లేనిదే 'ఈ పని మొదట చేసింది నేనే' అన్న వాక్యం వేయలేము. పద్నాలుగో తేదీలోగా అందకపోతే కొట్టేసి అచ్చుకిస్తాము.

కార్బన్ కాపీ తీసి చూశా. లేదు. ఆఖర్న కొడతానన్నది అతనూ మరిచాడు, నేనూ మరిచా. జరిగింది జరిగినట్టు చెప్పేశా.

"నా పేరు చెప్పలేక యిడిసిపెట్టినావా?" నవ్వారు. "పోనీలే. జనాలకు నొప్పి తగ్గితే చాలు, పేరెవరిదైతే ఏమి."

అబద్ధం. తాగే నీళ్ళలో చేపలు వేసి మైల చేస్తాడా అని ఊరు ఊరంతా తిట్టింది ఆయన్ని. ఒక్కొక్కరికీ చేతులు పట్టుకుని నచ్చజెప్పుకున్నారు. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఆ పురుగుల్ని గుడ్డలో వడగట్టిన మనిషి. ఆ ఒక్క వాక్యమే ఆయన కూలి. నోరు తెరవక దాన్ని నేనే పోగొట్టానా?



మార్చి 4

కబురు పంపితే ఖాదర్ సాహెబ్ పరుగున వచ్చాడు. "నాది గూడా తప్పుండాది తల్లీ." ఈసారి ఆ చీటీ నా చేత్తో పెద్దక్షరాల్లో రాసిచ్చా, చూసి కొట్టాడు.

అంతటితో అయిపోయిందనుకున్నా. కవరు అంటించబోతుంటే ఆయన — "ఈతూరి నేను వినందే పోనియ్యను. మొదట్నించి చదువు."

చదివా. కలకత్తా దొర వరుస అయింది. లండను దొరలవీ అయ్యాయి. ఆ వరుస వచ్చింది. ఆయన మొహం నా వైపే ఉంది, ఆ గుడ్డ వెనకాల కళ్ళు తెరిచారో మూశారో తెలీదు. మంచం మీద అత్తమ్మ. ప్రభువా, ఈయనకేమీ కానియ్యకు అనుకున్నా. చెప్పేశా. పూర్తిగా. గట్టిగానే.

"ఏమ్మే!" అత్తమ్మ లేచి కూచుంది. "వాని ఆయుస్సేం గావాల?"

"ఆ పేరు పెట్టింది నువ్వే గదమ్మా" అన్నారు ఆయన. "పుట్టినప్పట్నించి నువ్వు పిలుస్తానే ఉండావు. నాకేమైంది?"

అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. కోపమో, నవ్వో.

మిగతా వరుసలు ఎట్లా చదివానో నాకే తెలీదు.

మార్చి 5

పోస్టు చేశా. డోన్ మీదుగా పోతుందట. అక్కడ రైలు తప్పకుండా ఉంటే చాలు.

మార్చి 14, సోమవారం

గడువు ఈరోజే. అందిందో లేదో. పోస్టు బంట్రోతు మా వాకిలి దాటి పోయాడు.

మార్చి 16

ఇంకా ఏమీ లేదు. ఆయన ఆ మాటే ఎత్తరు. నేనూ ఎత్తను.

మధ్యాహ్నం ఉన్నట్టుండి, "ఆ జాబితా ఒకసారి చదువు" అన్నారు. మద్రాసు పోయింది కదండీ అన్నా.

"అంతా వద్దు. ఆ ఒక్క వరుస నీకు నోటికొచ్చు గదా."

అత్తమ్మ పెరట్లో ఉంది. తలుపు దగ్గరికి వేసొచ్చి, పక్కన కూచుని చెప్పా — పేరు, ఏడాది, వ్యాసం, సంపుటం, పేజీ.

"ఇంకోతూరి" అన్నారు. "ఏడాదీ పేజీ వద్దులే."