నీ తటస్థత గురించి

హెర్న్‌డన్,
అక్టోబరు 1986.

చిరంజీవి దామోదర్‌కు,

నిన్న ఫోన్‌లో, "అక్కా, ఆ మీటింగ్‌లో నేను న్యూట్రల్‌గా ఉన్నాను, అంతే. కోపం పెట్టుకోకు" అన్నావు. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

వేసవిలో ఆ మీటింగ్‌లోనే మన యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ హెడ్, తటస్థ దేశాల మీద నేను చెప్పే కోర్సు తీసేస్తూ, "ఏ పక్షమూ లేని దేశాలకు యూరప్ భద్రతలో పనేమిటి?" అని అందరి ముందూ ఎగతాళి చేశాడు. కోర్సుతో పాటు నా ఉద్యోగమూ పోయింది. నా పాఠాలన్నీ చదివి మెచ్చుకున్నవాడివి నువ్వు. ఆయన నీ అభిప్రాయం అడిగితే, కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నావు.

పోయిన నెల స్టాక్‌హోమ్‌లో ముప్పై అయిదు దేశాలు యూరప్ భద్రత మీద ఒప్పందానికొచ్చాయి. అమెరికా కూటమీ, సోవియట్ కూటమీ బిగుసుకున్నప్పుడల్లా ఫిన్లండ్, ఆస్ట్రియా లాంటి దేశాలవాళ్లు మధ్యలో కూర్చుని, ఇద్దరిచేతా మాటలు పడి, ఇద్దరూ ఒప్పుకోగల వాక్యాలు వెతికారు. తటస్థత అంటే అంత చాకిరీ నాయనా! నోరు మూసుకుంటే వచ్చేది కాదు.

ఇప్పుడు హెడ్‌గారికి జ్ఞానోదయమై, టీవీలో ఆ దేశాలను తెగ పొగిడాడట. కోర్సు మళ్లీ పెట్టి, నిన్ను చెప్పమన్నాడట. నా పాఠాలు పంపమని అడగడానికే నువ్వు ఫోన్ చేశావు. క్షమాపణ అనుకుని సగం దాకా విన్నాను, చూడు నా తెలివి.

పంపను. గుర్తున్నంత చెప్పుకో. క్లాసులో ఎవరైనా లేచి, "సర్, తటస్థంగా ఉన్నవాళ్లు ఎప్పుడు మాట్లాడాలి?" అని అడిగితే ఏం చెబుతావో, అది మాత్రం నాకు రాయి.

మీ అక్క