రెండు మెట్లూ మూడు వేళ్లూ

కనకరాజూ,

అన్నం కలిపి ముద్దలు చేసి గిన్నెలో పెట్టాను. ఎడమచేత్తో తినడానికి సిగ్గుపడకు. కుడిచేతి కట్టు తడపకు. నేను అమలాపురం కార్మికశాఖ ఆఫీసుకు వెళ్తున్నాను. కొబ్బరిపీచు మిల్లు యంత్రంలో నీ మూడు వేళ్లు నలిగాయని అర్జీ ఇవ్వనిదే తిరిగి రాను.

పదింటికి మీ మిల్లు యజమాని భూషణం గారు తమ పాదధూళితో మన గుమ్మాన్ని పావనం చేస్తారు. "ఇంట్లో మెట్ల మీంచి జారేవని రాసేసుకుందాంరా, మనలో మనకి బీమాలేంటి?" అని నిన్న ఆయన సెలవిస్తే, నువ్వు "ఆయ్" అని ఒప్పేసుకున్నావు. వంటింట్లోంచి విన్నాను. మనింటికున్నవి రెండే మెట్లు. అవి నేటివరకు ఎవరి వేళ్లనూ భుజించలేదు.

పనివాళ్లకు బీమా చేయించడం యజమాని దయాధర్మం కాదు, చట్టం. చేయించకపోతే పరిహారం ఆయనే ఇచ్చుకోవాలి. సంతకం చేయలేవు గనుక వేలిముద్ర అడుగుతారు. వేయకు. "ఆయ్" అనే ఆ మహామంత్రానికి ఈ పూట విశ్రాంతినివ్వు.

అక్క

మొహమాటం మరీ పీడిస్తే ఈ చీటీనే ఆయన చేతిలో పెట్టు. ఆయన చదువుతారనే అక్షరాలు ఇంత గుండ్రంగా రాశాను.