వీధి గది మీదుగా కాలువ

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ బావగారి దగ్గు మా అందరికంటే కులాసాగా ఉంది. మరదలూ పాపా బాగున్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. వీధి గదికి రంగులు వేయించానా అని ఒకటి, మన పేటలో మురుగు కాలువ పని ఎందాకా వచ్చిందని ఇంకొకటి. ముందు కాలువ సంగతి చెబుతాను.

పట్టణ ప్రణాళికకు సర్కారు నిధులు మంజూరయ్యాయి. ఏడాది తిరిగేలోగా పని మొదలవకపోతే వెనక్కి పోతాయట. ప్లానింగ్ ఆఫీసరుగా ఒకావిడ వచ్చింది. మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం కంచు. ఆవిడ మొదట గీసిన ప్లానులో కాలువ వెనక సందులోంచి పోతుంది. అంటే ఇస్త్రీ పెద్దమ్మ ఇంటితో సహా ఆ వరసంతా నేలమట్టం. వాళ్ల పెద్దాయన మంచాన పడ్డాడని నీకు తెలుసుగా. పెద్దమ్మ ఉండబట్టలేక ఆఫీసుకెళ్లి, "మా సందు ఎప్పుడైనా చూశావా తల్లీ?" అని అడిగిందట.  మర్నాడు ఆఫీసరమ్మ జోరువానలో వచ్చి, ప్యాంటు పైకి మడిచి, ఆ సందులో మోకాలిలోతు నీళ్లలో నిలబడింది. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో, ఎటు పోలేకపోతున్నాయో చూసుకుంటూ పేటంతా తిరిగింది.

తర్వాత మీటింగులో అందరి ముందూ, "ఆఫీసులో కూర్చుని గీశాను. తప్పు గీశాను. మళ్లీ గీస్తాను" అంది.

మున్సిపల్ ఛైర్మన్ కస్సుమన్నాడు. "డబ్బొచ్చాక ప్లాను మార్చడమేంటమ్మా? నిధులు వెనక్కి పోతే పూచీ ఎవరిది?"

"నాదే."

 తప్పు తనదన్న మాట ఒక ఆఫీసరు నోట వినడం నాకదే మొదలు రా. ఊరికే అనలేదు కూడా. పైఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, కొత్త ప్లానుకు అదే డబ్బు ఒప్పించుకొచ్చింది. ఇప్పుడు సందులో ఒక్క ఇల్లూ పోదు. పేట మొత్తానికి పోయేది ఒకే ఒక్క గది.

ఇక రంగుల సంగతి. వేయించలేదు. ఆ ఒక్క గదీ మనదే. నువ్వు వచ్చి కళ్లజోళ్ల షాపు పెట్టుకుందామనుకున్న వీధి గది.

ఆఫీసరమ్మ నోటీసు పంపకుండా తనే వచ్చి చెప్పింది. నీ షాపే కళ్ల ముందు మెదిలింది. అయినా, "తీసుకోండి. మా తమ్ముడు కాదనడు" అనేశాను. నిన్ను అడక్కుండా నీ తరఫున మాటిచ్చేశాను రా. ఇన్ని కబుర్లు చెప్పింది ఈ మాట దగ్గరికి రాలేకే.

ఆవిడే ఒప్పుకోలేదు. "ఆయన వాటా కూడా ఉందటగా. ఆయన నోటితో చెప్పేదాకా గోడ ముట్టుకోను."

"గడువు దాటిపోతే?"

"ఆ తిప్పలు నావి. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం."

కోపమొస్తే నన్ను తిట్టు, ఆవిడను కాదు. నువ్వు వద్దంటే నేనే వెళ్లి వద్దని చెబుతాను. పరిహారం ఇస్తారు గానీ, అలాంటి గది మళ్లీ దొరకదని నాకూ తెలుసు.

నిన్న మళ్లీ వాన. సందులో నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. పెద్దాయన్ని మంచంతో సహా ఎత్తి ఇటుకల మీద పెట్టాలి. పెద్దమ్మ ఒక కోడు పట్టుకుంది, నేనొకటి. చూడ్డానికొచ్చిన ఆఫీసరమ్మ చెప్పులు విడిచి మూడోది పట్టుకుంది. నాలుగోది పట్టుకునేవాళ్లు లేక మంచం అటే ఒరిగిపోతుంటే, నువ్వే గుర్తొచ్చావు.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూస్తూ,
అక్క