ఉబ్బిపోయిన తీగ

ఒసాకా, జనవరి

షిజుయే అక్కా,

ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. కరెంటు వృథా కాకుండా మోస్తుందని మేం ఏళ్లుగా తయారుచేస్తున్న తీగ నిన్న పాడైంది. ద్రవ నైట్రోజన్‌లో పరీక్షించాక దాన్ని నిదానంగా వేడెక్కనివ్వాలి. చూడవచ్చిన పెద్దలకు రైలు టైమైందని, నేను వద్దన్నా డైరెక్టరు వెంటనే పైకి తీయించాడు. లోపల చిక్కిన ద్రవం ఆవిరై తీగ పొడవునా బుడగలు లేచాయి.

"ఏమయ్యా నాగాయ్, తీగ చేశావా, పండక్కి నిప్పుల మీద ఉబ్బే మోచీ బియ్యపు బిళ్లలు కాల్చావా?" అన్నాడు డైరెక్టరు నాతో, వాళ్ల ముందే.

దీంతో మార్చిలో మా విభాగం మూసేస్తారు. ఈ వయసులో నాకు వేరే పని రాదు. బావ ఆపిల్ తోటలోకి మనిషి కావాలేమో అడుగు.

అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? పెరటి కొళాయి గడ్డకడితే మరిగే నీళ్లు పోయకండి, గొట్టం పగులుతుంది. గోరువెచ్చని గుడ్డ చుట్టి ఆగండి. ఇక్కడ నా మాట వినలేదు, మీరైనా వినండి. అమ్మకు నా దండాలు.

తమ్ముడు,
తెత్సురో