ఊగే ఇంటి బండి

సుశీలక్కకు, ఒమన్‌లోని నిజ్వా నుంచి నీ తమ్ముడు నరసయ్య దండం పెట్టి రాస్తున్నాడు. నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి సంగతి మీ పోయిన ఉత్తరంలో రాయలేదు. దాస్తున్నారేమోనని నా అనుమానం. ఇక్కడ వడగాలి మొదలైంది. ఎండలో పెట్టిన స్పానర్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. రూమ్‌లో వంట వంతులవారీగా సాగుతోంది. తిండికి కొదువ లేదు, దిగులు పడకు.

ఈ మధ్యంతా ఒకే బండి మీద డ్యూటీ. వ్యాన్ మీద ఇల్లు కట్టినట్టుంటుంది. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్నాయి. దేశం విడిచిపోతున్న ఒక తెల్లాయన దగ్గర మా అర్బాబ్, అంటే మా గ్యారేజీ యజమాని, పాతది కొన్నాడు. వానలు పడే రోజుల్లో వాళ్లమ్మను, నలుగురు పిల్లలను అందులో దూరాన దక్షిణాదిలో ఉన్న సలాలాకు తీసుకుపోవాలని ఆయన కోరిక. తోలేది నేనే. కానీ గాలి కొడితే బండి పడవలా ఊగేది. నేను సరే అంటేనే పిల్లలను ఎక్కిస్తానన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

బండి బరువు మోసే వెనక కమాన్ పట్టీలు చదునైపోయాయి. మన దగ్గర చెరుకు లారీలకు చేసినట్టే, పాత నీళ్ల ట్యాంకర్ నుంచి తీసిన మందపు పట్టీ ఒకటి చేర్చాను. కొత్త షాక్ అబ్జార్బర్లు కూడా వేశాం. ఐనా ఊగడం తగ్గలేదు.

షాక్ అబ్జార్బర్లు మస్కట్ నుంచి తెచ్చింది మా ఫోర్‌మన్ మజీద్ భాయ్. పెషావర్ వైపు మనిషి. అతను తెచ్చినప్పుడే డబ్బా విప్పి ఉంది. పాతవాటికి రంగు వేయించి తెచ్చాడేమో అనుకున్నాను. పైగా నన్ను అడగకుండానే అర్బాబ్‌తో "నరసయ్య సరే అన్నాడు" అని చెప్పేశాడు. రేపు బండి తిరగబడితే నా పేరే బయటికి వస్తుంది కదా.

మన లారీ షెడ్లలో, పని చేసినవాడే మొదటి ట్రిప్పు బండిలో కూర్చోవాలి కదా. అదే చెప్పి "భాయ్, వెనక నువ్వు కూర్చో" అన్నాను. జంకుతాడేమో చూద్దామని. అతను తన పప్పు గిన్నె, రొట్టెలు పట్టుకుని ఎక్కాడు.

ఖాళీ రోడ్డు మీద ఒక ట్రక్కు ఎదురొచ్చి దాటిపోయింది. ఆ గాలికి బండి పక్కకు ఈడ్చుకుపోయింది. స్టీరింగ్ నిలవలేదు. ఎలాగో ఆపాను. మజీద్ భాయ్ చొక్కా నిండా పప్పుతో దిగాడు.

"నన్ను చంపాలనుకుంటే చెప్పు, అన్నం తిని వస్తా."

"నువ్వు తెచ్చిన అబ్జార్బర్లు పాతవి."

"డబ్బా దుకాణంలోనే విప్పి చూసుకున్నా. నీలాంటోడు అడుగుతాడని తెలుసు. ఆ ట్యాంకర్ పట్టీ తియ్. దానివల్ల వెనక లేచి, బండి ముక్కు కిందికి దిగింది. ఇది చెరుకు బండి కాదు, ఇల్లు."

నేను నమ్మలేదు. ఒక అబ్జార్బర్ విప్పి చేత్తో నొక్కి చూశాను. బరువుగా, నెమ్మదిగా దిగింది. లాగినా అంతే. కొత్తదే.

మందపు పట్టీ తీసేసి, బండికి తగిన పట్టీలు వేశాను. బండి ఒరగకుండా రెండు వైపుల చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ రాడ్ బిగించాం. ఒక పక్కనే ఉన్న నీళ్ల ట్యాంకును నడిమికి జరిపి, కిందికి దించాం. ఈసారి మజీద్ భాయ్ తోలాడు, పిల్లలు కూర్చునే చోట నేను కూర్చున్నాను. ట్రక్కు దాటినప్పుడు బండి ఒక్కసారి వంగి, వెంటనే నిలబడింది.

అర్బాబ్ అడిగితే, నట్లన్నీ మళ్లీ బిగించాకే సరే అన్నాను.

"నీ చేతి మీద కూడా నీకు నమ్మకం లేదా?" అన్నాడు మజీద్ భాయ్.

"లేదు."

శుక్రవారం బయలుదేరుతున్నాం. దారి పొడుగునా ఎడారే, నీడ ఉండదట. బావ తన మోకాలి సంగతి తన చేత్తోనే రాయాలి, నువ్వు రాస్తే ఒప్పుకోను. పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మేము క్షేమంగా పోయి రావాలని మీరంతా దీవించండి.

చెప్పడం మరిచాను. మజీద్ భాయ్‌ని కూడా మాతో పంపమని అర్బాబ్‌ను అడిగాను, ఒప్పుకున్నాడు. "ఇంకా నా మీద అనుమానమేనా?" అని భాయ్ అడిగాడు. లేదు, తోడు కోసమే అన్నాను. అది నిజం. అతను మాత్రం నమ్మలేదు.

నీ తమ్ముడు,
నరసయ్య