ఇల్లు దొరికింది, పేరు అదే

సత్తెమ్మా,

నువ్వు లేవని, చదవవని తెలిసినా సంతోషం పట్టలేక రాస్తున్నాను. పీర్లకు మొక్కితే పుట్టాడని నువ్వు హుస్సేన్ అని పేరు పెట్టిన మన కొడుక్కి యాప్రాల్‌లో అద్దె ఇల్లు దొరికింది! ఇవాళే పాలు పొంగించాం.

పట్నంలో బాంబులు పేలినప్పటి నుంచి, వాడి పేరు వినగానే ఓనర్లు తలుపులు వేసుకున్నారు. "మేం హిందువులమే సారూ" అని బతిమాలాను. "పేరు మార్చుకో బిడ్డా" అని వాడికీ చెప్పాను.

"నేనంటే మార్చుకుంట నాయినా. ముసల్మాన్ల ఇంట్ల పుట్టినోడు ఏం మార్చుకోవాలె?" అన్నాడు. నాకు సిగ్గేసింది. మళ్లీ ఎవరినీ బతిమాలలేదు.

ఈ ఇంటి ఓనరు అవ్వ కూడా పేరు అడిగింది. వాడు చెప్పాడు.

"హుస్సేనూ, నల్లాల నీళ్లు పొద్దుగాల గంటసేపే వస్తయి. జల్దీ లేస్తవా మరి?" అంది.